సీనరీ బొమ్మలో రంగూ చాకిరీ కూడా చూడాలా?

"బొమ్మలో కొండా చెరువూ బాగుంటే చాలదా? ఏ రంగుతో వేశారు, ఎంత కష్టపడ్డారు అన్నది చూసేవాడికెందుకు?" అని అడిగారు. నా మట్టుకు నాకు అర్థం సగం అక్కడే ఉంటుంది. ఒడిశాలోని బరంపురంలో, ఫొటో స్టూడియోల్లో వెనక కట్టే బొమ్మల పరదాలు వేసే మేస్త్రి దగ్గర పనిచేశాను కాబట్టి ఆ పరదాతోనే చెప్తాను.

మంచు కొండలు, సరస్సు, ఒడ్డున పూలు. అందరూ ఎరిగిన సీనరీయే. గుడ్డకి గంజి పట్టించి చట్రానికి బిగించి, పౌడర్ రంగుల్లో సుద్ద వేసి వేడివేడి వజ్రం జిగురుతో (జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసేది) కలిపేవాళ్ళం. ఆయిల్ పెయింటైతే మెరుస్తుంది, ఫ్లాష్ పడితే ఫొటోలో తెల్ల మచ్చ వస్తుంది. జిగురు రంగుకి ఆ బెడద లేదు గానీ, తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించిన నీలం ఆరాక బాగా పాలిపోతుంది. అందుకే మేస్త్రి గిన్నెలో రంగును నమ్మేవారు కాదు, ఆరితే ఎలా తేలుతుందో మనసులో పెట్టుకుని కలిపేవారు. జిగురు చల్లారితే గడ్డకడుతుంది, ఆకాశంలో చారలు పడతాయి. ఇద్దరం చెరో కొసనుంచీ వెడల్పాటి బ్రష్షులతో ఆగకుండా లాగెయ్యాలి, మబ్బుల గురించి ఆలోచించే టైమెక్కడిది! ఆ పరదాల్లో ఆకాశం ఎప్పుడూ అంత ప్రశాంతంగా ఉండేది అందుకే. అడుగు భాగం కావాలనే మసగ్గా వదిలేవాళ్ళం, ఫొటో దిగేవాళ్ళ కాళ్ళు అక్కడికొస్తాయి కదా. సీనరీలో ఒక్క మనిషీ ఉండడు, ఆ చోటు డబ్బిచ్చి నిలబడేవాడిది.

వాటర్‌కలర్‌లో తెలుపంటే చాలామటుకు రంగు తగలని కాగితమే. వానాకాలంలో మహేంద్రగిరిని గీస్తే కాగితం ఓ పట్టాన ఆరదు, కొండ అంచు తనంతట తానే మంచులో కలిసిపోతుంది. అదే కొండ అంచు మే నెలలో అయితే గీత గీసినట్టు స్పష్టంగా తేలుతుంది. చూసేవాళ్ళు దాన్ని చిత్రకారుడి మూడ్ అనుకుంటారు!

ఆయిల్ రంగులదీ ఇదే వరస. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు రంగు పంది మూత్రాశయపు సంచుల్లో అమ్మేవారు, పొడిచి పిండుకోవాలి. ట్యూబులొచ్చాకే పొలం గట్టున కూర్చుని ఆయిల్ వెయ్యడం సుళువైంది. ఇప్పుడు ఎక్కువగా వాడే టైటానియం తెలుపు ఇల్మెనైట్ లాంటి ఖనిజాల నుంచి తీస్తారు. మన గంజాం జిల్లా ఛత్రపూర్‌లో ఐఆర్ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సముద్రపు ఇసుకని తవ్వి తీసేది ఆ ఇల్మెనైటే. గోపాలపూర్ అలల మీద నురగ వేసేటప్పుడల్లా నాకు ఆ తవ్వకం గుర్తొస్తుంది.

ఇక రాయగడ, గజపతి వైపు సవరలు ఇంటి గోడకి ఎర్రమన్ను పూసి, బియ్యప్పిండి నీళ్ళతో, వెదురు పుల్లతో ఇడితాల్ అనే గోడబొమ్మ వేస్తారు. నేల, ఆకాశం అని విడదీసే గీత ఉండదు. మనుషులూ చెట్లూ జంతువులూ సూర్యచంద్రులూ ఒకే చట్రంలో ఉంటారు. అది గది అందం కోసం కాదు, పితరుల కోసం, దేవతల కోసం. మేళాల్లో అదే బొమ్మ క్యాన్వాసు మీద యాక్రిలిక్‌తో అమ్ముతున్నారు. అది నకిలీ అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను, కొనేవాడి ఇంటికి గోడ పంపలేరుగా. కానీ అర్థం మారింది. ఇప్పుడది సంతకం ఉన్న సరుకు, చేతిపనికి కట్టిన ధర. "పుల్లతో గీసిన గీతలేగా" అని దాని దగ్గర బేరమాడేవాళ్ళు మాత్రం ఒక్క జానెడు అంచు అలా నింపి చూడాలి.