రెండో ఎక్స్‌రే మెషీన్ పెట్టినా క్యూ తగ్గలేదా?

సమస్య మెషీన్ ముందు లేదు, వెనక, బ్యాగులు బయటికొచ్చే వైపు ఉంది. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయ టెర్మినల్‌పై మీ కాలేజీ ప్రాజెక్టులో రెండో ఎక్స్‌రే పెట్టినా క్యూ చెకిన్ కౌంటర్ల దాకా వస్తోందన్నారు. మీ ప్లాన్‌లో మెషీన్ కన్వేయర్ బెల్టు ముగిసిన చోటి నుంచి గోడకు రెండు మీటర్లే ఉంది.

అక్కడ ఒక పెద్దాయన ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఇంకో చేత్తో ట్రేలో తన బెల్టు వెతుక్కుంటుంటాడు. పక్కన ఒకామె ల్యాప్‌టాప్ సర్దుకుంటుంటుంది. వాళ్ల ట్రేలు కదిలితేనే వెనక బ్యాగులు బయటికొస్తాయి.

1. మెషీన్ తర్వాత రోలర్లు పొడిగించి, పక్కన బెంచీలు వేయండి. దాదాపు అందరూ మరిచిపోయేది ఇదే. ఇందుకోసం వెయిటింగ్ హాల్లో ఒక వరస కుర్చీలు పోయినా ఫర్వాలేదు.

2. అనుమానం వచ్చిన బ్యాగు తెరిచే టేబుల్ ఆ దారిలో వద్దు, పక్కకు జరపండి.

3. రోజు సగటు లెక్క వేయకండి. ఏటీఆర్ 72 (చిన్న ప్రొపెల్లర్ విమానం) ఒకటి నిండితే 70-78 మంది ఇంచుమించు ఒకేసారి వస్తారు, దానికి సరిపడా చూడండి.

4. అడ్డుగోడలు ఇటుకతో కాకుండా జరపగలిగే ప్యానెళ్లతో పెట్టండి. రేపు సీటీ స్కానర్ (బ్యాగు లోపలంతా త్రీడీలో చూపే మెషీన్) వస్తే చోటు మార్చాలి, దాని బరువూ ఎక్కువే, ఫ్లోర్ మోయగలదో ఇప్పుడే లెక్క చూడండి. తనిఖీ అయినవాళ్లూ కానివాళ్లూ కలిసే సందు మాత్రం ఒక్కటీ ఉండకూడదు.

నిజంగా కట్టేటప్పుడైతే ఈ మార్పులకు ముందుగా బీసీఏఎస్ (విమానయాన భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి కావాలి, రిపోర్టులో ఆ మాట రాయండి.