మరణాల లెక్కలు తీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

హనుమకొండ నుంచి మామయ్య ఆశీస్సులు. వరంగల్, ములుగు జిల్లాల్లో చదువును బట్టి, చేసే పనిని బట్టి మరణాల రేటు ఎలా మారుతుందో థీసిస్‌లో చూపాలనుకుంటున్నావని తెలిసింది. హెల్త్ సూపర్‌వైజర్‌గా ఊరూరా ఆ లెక్కలు రాసినవాడిగా నాకు తోచినవి చెబుతాను.

అన్నిటికంటే ముందు రిజిస్టరుకు ఎక్కనివారి సంగతి ఆలోచించు. 1969 చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది కనుక, ములుగు జిల్లా ఏటూరునాగారం మనిషి వరంగల్‌లోని ఎంజీఎం పెద్దాసుపత్రిలో కన్నుమూస్తే ఆ లెక్క వరంగల్ నగరంలో చేరుతుంది. స్వగ్రామాన్ని బట్టి మళ్లీ సర్దుకోకపోతే అడవి మండలాలు ఆరోగ్యంగానూ, నగరం రోగాలపుట్టగానూ కనిపిస్తాయి. ఇంకో మెలిక ఉంది. 2018లో రైతుబీమా వచ్చాక, 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారు పోతే 5 లక్షల రూపాయల కోసం ఇంటివారు మరణ ధ్రువపత్రం తప్పక తీసుకుంటారు. గుంట భూమి లేని కూలీ ఇంట్లో ఆ తొందర ఉండదు, ముసలవ్వల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాగితం మీద భూమి ఉన్నవారే ఎక్కువగా చనిపోతున్నట్టు తేలినా కంగారుపడకుండా, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పంచాయతీ రిజిస్టరుతో సరిచూసుకో.

మన పల్లెల్లో బడి ముఖం చూడనివారిలో ఎక్కువమంది పెద్దవయసువారే, వారిలో మరణాలు ఎక్కువగా ఉండటంలో వింతేమీ లేదు. అందుకే ఒకే వయసువారిని, ఆడవారిని మగవారిని విడివిడిగా పోల్చు.

కారణం గడిలో ‘గుండెపోటు’, ‘వృద్ధాప్యం’ అని ఉంటే దాన్నే పట్టుకోకు. రోగం ఎప్పుడు మొదలైంది, ముందు ఎవరికి చూపించారు, గోలీలు ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అని ఇంటివారిని నిదానంగా అడుగు.

ఆ చివరి ప్రశ్న దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి, అక్కడి గుమస్తాకు ఒకే బీపీ ఉందనుకో. సర్కారు దవాఖానలో గోలీలు ఇద్దరికీ ఉచితమే. గుమస్తా ఒక పూట సెలవు పెట్టి వెళ్లొస్తాడు, హమాలీ వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. చీటీ చదవలేకపోవడం ఇందులో ఒక భాగం మాత్రమే. ‘నిరక్షరాస్యత వల్ల మరణించారు’ అని తేల్చేసే నివేదికలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, తప్పంతా పోయినవాడి మీదికే నెట్టినట్టుంటుంది. లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో అందరూ ప్రభుత్వోద్యోగులే, అందరికీ ఉచిత వైద్యం ఉన్నదే. అయినా అట్టడుగు హోదాలోని మగవారిలో గుండెజబ్బు మరణాలు పైహోదా వారికంటే సుమారు మూడింతలు ఉన్నాయి, పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో చాలాభాగం అలాగే మిగిలింది.

పసిపిల్లల మరణాల దగ్గర తల్లి ఎన్నో తరగతి వరకు చదివిందో తప్పక రాసుకో. బిడ్డను దవాఖానకు తీసుకెళ్లే మాట ఇంట్లో ఎవరిదో కూడా అడుగు, కాకపోతే అత్తగారు పక్కన లేనప్పుడు. తాడ్వాయి ఊళ్లను మాత్రం వానలకు ముందే ముగించుకో, జంపన్న వాగు పొంగితే అవతలి గూడేలకు వెళ్లడం కష్టమవుతుంది.

ఇట్లు,
మామయ్య