పాత కోడ్ మీద చెయ్యి వేసే ముందు

నాన్నా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాకముందే పదిహేనేళ్ల నాటి కోడ్ చేతికిచ్చారని, అదంతా తీసేసి కొత్తగా రాస్తే నెలలో అయిపోతుందని అన్నావు. మార్చి 31న మాత్రమే పనిచేసే ఒక ఇఫ్ కండిషన్ అందులో ఎందుకుందో టీమ్‌లో ఎవరికీ తెలియదని, ముందు దాన్నే తీసేస్తానని కూడా రాశావు. ఆ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. 1998లో ఉద్దానంలో ఒక పరపతి సంఘానికి అప్పుల లెక్కల ప్రోగ్రాం రాశాను. ఇంటిపేరు, పేరు, ఊరు, ఈ మూడూ కలిస్తే ఒక మనిషి అనుకున్నాను. అన్నదమ్ములిద్దరూ తమ పెద్దకొడుకులకి తాత పేరే పెట్టుకుంటారని నాకు తెలియదా? మన ఇంట్లోనే అలాంటివాళ్లు ఇద్దరున్నారు. కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు మాత్రం అది తట్టలేదు. జీడితోట మీద అప్పు తీసుకున్న ఒకాయన కట్టిన వాయిదాలు ఆయన పెదనాన్న కొడుకు ఖాతాలో పడ్డాయి. కట్టినాయనకేమో నోటీసు వెళ్లింది. రసీదులన్నీ పాత చీరముక్కలో మూటకట్టుకుని వచ్చి, నా బల్ల మీద ఒక్కొక్కటే పేర్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ రసీదులు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

అక్కడి గుమాస్తా మాత్రం ఆ ఇద్దరి దగ్గరా ఏనాడూ పొరపడలేదు. ఒకాయన పేరు పక్కన 'చెరువుగట్టు' అని, ఇంకొకాయన పేరు పక్కన 'కోవెల వీధి' అని లెడ్జరులో పెన్సిల్‌తో చిన్నగా రాసుకునేవాడు. నేను లెడ్జరులో గళ్లు చూశాను, పెన్సిల్ రాతలు చూడలేదు. మన పనిలో కష్టమంతా ఆ పెన్సిల్ రాతల్లోనే ఉంది. ప్రోగ్రాంలో మనం రాసిన వాటికంటే, రాయకుండా నమ్మేసినవే ఎక్కువ.

నువ్వు చెత్త అంటున్న ఆ కండిషన్, ఎవరో ఒకరు దెబ్బ తిన్నాక రాసుకున్న పెన్సిల్ రాత కావచ్చు. మార్చి 31 ఆర్థిక సంవత్సరానికి చివరి రోజని నీకు చెప్పక్కర్లేదు. అవసరం తీరిపోయిందీ కావచ్చు. ఏదన్నది తేలకుండా తీయకు. ఆ లైను ఏ రోజు వచ్చిందో, దానితోపాటు ఇంకేం మారిందో గిట్‌లో, అంటే కోడ్‌లో ప్రతి మార్పునీ రాసిపెట్టుకునే చిట్టాలో చూడు. అకౌంట్స్‌లో అందరికంటే పాతవారి దగ్గర టీ తాగుతూ అరగంట కూర్చో. ఆ తర్వాత, ఇప్పుడున్న కోడ్ ఏ ఇన్‌పుట్‌కి ఏ జవాబిస్తోందో, తప్పొప్పులు పక్కనపెట్టి, ఉన్నదున్నట్టు టెస్టులుగా రాసుకో. అవి చేతిలో ఉన్నాకే ఒక్కో ముక్కా మార్చు.

అలాగని పాతదాన్ని ముట్టుకోవద్దని అనను. 1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే, దాదాపు 40 సెకన్లకి ముక్కలైపోయింది. ఏరియన్ 4లో చక్కగా నడిచిన కోడ్‌నే తెచ్చి అందులో పెట్టారు. 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలోకి మార్చే ఒక చోట, ఆ విలువ అందులో పట్టే 32,767 దాటదన్న నమ్మకంతో ఏ కాపలా పెట్టలేదు. పాత రాకెట్ వేగానికి అది నిజమే. కొత్త రాకెట్ అడ్డంగా ఇంకా వేగంగా దూసుకెళ్లేది, అందుకే దాటేసింది. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని రెండో కంప్యూటర్ పెట్టారు కానీ, దానిలోనూ అదే కోడ్, అదే తప్పు. కన్నుమూసి తెరిచేలోగా రెండూ ఆగిపోయాయి. రాకెట్ పైకి లేచాక ఆ లెక్కతో ఏరియన్ 5కి అసలు పనే లేదు. ఆ ముక్క ఎందుకుందని ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే బాగుండేది.

ఆ రాకెట్‌లో మనుషులు లేరు. థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం కింద ఉన్నారు. 1985, 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకి అది మోతాదుకి ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది, కొందరు చనిపోయారు. ముందు మోడల్‌లో సాఫ్ట్‌వేర్ తప్పు చేసినా హార్డ్‌వేర్ అడ్డుపడేది. ఆ అడ్డు తీసేసి భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారు. ఆపరేటర్ చకచకా టైప్ చేసి దిద్దినప్పుడే బయటపడే తప్పు ఒకటి అందులో ఉంది. టెస్టులన్నీ పాసయ్యాయి కదా అని ఎవరైనా తొందరపెడితే నాకు ఆ ఆపరేటర్ వేళ్లు గుర్తొస్తాయి.

సెక్యూరిటీ కూడా వేరే చదువు కాదు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపం చూడు. అది ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో, అంటే నెట్‌లో వెళ్లే డేటాని రహస్యంగా ఉంచడానికి వాడే కోడ్‌లో ఉంది. అవతలి కంప్యూటర్ చిన్న ముక్క పంపి 'ఇది 64 కిలోబైట్లు' అంటే, ఓపెన్ఎస్ఎస్ఎల్ కొలిచి చూడకుండా నమ్మి, తన మెమరీలో పక్కనున్నది కూడా కలిపి తిరిగి పంపేసేది. ఆ పక్కన ఎవరి పాస్‌వర్డ్ ఉందో ఏమో. సంతలో తక్కెడ ముల్లు మనమే చూసుకుంటాం కదా, బయటి నుంచి వచ్చే డేటాకీ అంతే. యూజర్ టైప్ చేసినదాన్ని, డేటాబేస్‌కి ఆదేశాలిచ్చే ఎస్‌క్యూఎల్‌లో నేరుగా అతికించకు, పారామీటర్‌గా విడిగా పంపు. పాస్‌వర్డ్‌లు కోడ్‌లో పెట్టకు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మనవాళ్ల ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. నీ ఆఫీసులో నెట్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి నీకు గుర్తుచేస్తున్నాను. టెక్కలిలో కిరాణా కొట్టు ముందు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే మనిషి టెన్షన్‌తో ఫోన్‌లో డబ్బు కట్టే బటన్ రెండోసారి నొక్కుతాడు. డబ్బు రెండుసార్లు పోకూడదు. ప్రతి లావాదేవీకి ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు మళ్లీ వస్తే మొదటి జవాబే ఇవ్వాలి. ఇది మొదట్లోనే అనుకుని కట్టాలి, తర్వాత అతికిస్తే అతకదు.

నెలలో అయిపోతుందన్నది ఏఐని చూసుకునే అన్నావేమో. వాడుకో, నేను కాదనను. కానీ చెరువుగట్టు ఆయన ఎవరో దానికి తెలియదు.

రిలీజ్‌కి ముందు రోల్‌బ్యాక్, అంటే కొత్తది తీసి పాతదానికి వెనక్కి వెళ్లడం, ఒకసారి నిజంగా చేసి చూడు. తప్పు జరిగితే ఆ గంటలోనే చెప్పు. నేను సంఘం సెక్రటరీకి చెప్పడానికి రెండు రోజులు జంకాను. ఆ రెండు రోజుల్లో ఇంకో నాలుగు నోటీసులు వెళ్లిపోయాయి.

సిరిమానోత్సవానికి సెలవు పెట్టుకో, అమ్మ ఎదురుచూస్తోంది. కోడ్ మాత్రం నాకు పంపకు, అది కంపెనీది. మార్చి 31 వెనక సంగతేమిటో తెలిసిన రోజు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

మీ పెద్దమ్మ,
విజయనగరం