ఏసీఎల్ సర్జరీ అయి మూడు నెలలు, నొప్పి లేదు: ఆట మొదలుపెట్టొచ్చా?

వద్దు. మీ ఫిజియో తొమ్మిది నెలలు ఆగమన్నారని విసుక్కుంటున్నారు కానీ, నా మూడో నెలలో నేనూ అచ్చం ఇలాగే విసుక్కున్నాను. నడక మామూలైపోయింది, మెట్లెక్కుతున్నాను, ఇంకా ఎందుకీ నస అని.

నాది వాలీబాల్. స్మాష్ కొట్టి దిగుతుంటే మోకాలు లోపలికి తిరిగి 'టప్'మంది. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు, అదే ఏసీఎల్, తెగింది. తొడ వెనక కండరం (హామ్‌స్ట్రింగ్) స్నాయువు ముక్క తీసి తెగినదాని స్థానంలో వేశారు, దాన్నే గ్రాఫ్ట్ అంటారు. వేసిన రోజు అది గట్టిగానే ఉంటుంది. ఆ తర్వాత ఒంట్లోంచి దానిలోకి కొత్త రక్తనాళాలు, కణాలు పాకి, పాత పీచును కరిగించి, లిగమెంటులా మళ్లీ అల్లుతాయి. ఈ మరమ్మతు జరిగేటప్పుడు, సుమారు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, గ్రాఫ్ట్ బాగా బలహీనపడుతుంది. మనకు నొప్పి తగ్గి హుషారొచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. మీరిప్పుడే ఆ దశ దాటుతున్నారు. అల్లిక పూర్తిగా గట్టిపడటానికి ఇంకా చాలా నెలలు పడుతుంది.

తొమ్మిది నెలల లెక్క ఎవరో నోటికొచ్చినట్టు చెప్పింది కాదు. 2016లో నార్వే, అమెరికా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఎగిరే, మలుపులు తిరిగే ఆటల్లోకి తిరిగి రావడాన్ని తొమ్మిది నెలల దాకా వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు దాదాపు సగం చొప్పున తగ్గింది. పెద్ద ఆటగాళ్లు ఆర్నెల్లకే వచ్చేస్తారు కదా అంటారేమో. డచ్ ఫుట్‌బాల్ ఆటగాడు వాన్ డైక్‌కు 2020 అక్టోబరులో ఇదే గాయమైంది. మధ్యలో వచ్చిన యూరో టోర్నీని కూడా వదులుకుని, 2021 ఆగస్టులో లీగ్ మ్యాచ్ ఆడాడు.

నేను చేసిన తప్పు వేరే ఉంది. మొదటి రెండు వారాలు హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకున్నాను. అంతే, కాలు నిటారుగా చాపడం రాలేదు. ఐదారు డిగ్రీల తేడాయే కదా అనుకున్నాను. వంచడం ఎలాగూ మెల్లగా వస్తుంది. చాపడం రాకపోతే మాత్రం తొడ ముందు కండరం సరిగా పనిచేయదు, కుంటు పోదు. మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలిని గాల్లో వదిలేసి, రోజుకు ఐదారుసార్లు పళ్లు బిగించి పడుకున్నాను. నెలపైనే పట్టింది. మీ కాలు ఇప్పటికీ రెండో కాలంత నిటారుగా రాకపోతే ఆట సంగతి తర్వాత, ముందు సర్జన్‌కు చూపించండి. లోపల మచ్చలాంటి కండ పెరిగి అడ్డుపడుతుండొచ్చు.

ఇప్పుడు చేయాల్సింది తొడ బలం పెంచడం. స్క్వాట్, లెగ్‌ప్రెస్, సైకిల్, బోరు కొట్టేంత. ఎక్కువైందో లేదో ఆ పూట తెలియదు, మర్నాడు పొద్దున వాపు చెబుతుంది. మెనిస్కస్‌కూ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్తటి కుషన్‌కు) కుట్లు పడి ఉంటే ఎంత వంచాలి, ఎంత బరువు మోపాలి అన్నది మీ సర్జన్‌నే అడగండి, నా లెక్కలు మీకు పనికిరావు.

ఏడో నెలలో ఒంటికాలి గెంతు పరీక్షలో రెండు కాళ్లూ దాదాపు సమానంగా వచ్చాయి. సంబరపడిపోయాను. మెషీన్ మీద తొడ బలం కొలిస్తే రెండో కాలితో పోలిస్తే 78 శాతమే! గెంతేటప్పుడు తుంటి, చీలమండ కలిసి మోకాలి లోటును కప్పిపెడతాయట. కనీసం 90 అయినా రావాలన్నారు. అదీ పూర్తి భరోసా కాదు, ఇన్నాళ్లూ ఆడక రెండో కాలు కూడా నీరసించి ఉంటుంది కదా. అందుకే ఫిజియోను "ఎప్పుడు ఆడొచ్చు" అని కాకుండా "ఏ పరీక్షలో ఎంత రావాలి" అని అడగండి.

నేను పదకొండో నెలలో కోర్టులోకి దిగాను. బలం వచ్చింది కానీ భయం పోలేదు. మొదటి రోజు నెట్ దగ్గరికే వెళ్లలేదు, వెనక నిలబడి నాలుగు సర్వీసులు వేసి వచ్చేశాను.