కొత్త ఓఎస్ వేశాక ‘నో బూటబుల్ డివైస్’ అని ఎందుకొస్తుంది?

ఉబుంటు (లినక్స్ రకం ఓఎస్) ఇన్‌స్టాల్ సాఫీగా పూర్తయి, రీస్టార్ట్ చేయగానే నల్లటి తెర మీద ఈ మెసేజ్ వచ్చిందంటే టెన్షన్ పడకండి. చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది. ముందు ఇన్‌స్టాల్‌కి వాడిన పెన్‌డ్రైవ్ తీసేసి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్‌లో) బూట్ ఆర్డర్, అంటే ఓఎస్ కోసం ఏది ముందు వెతకాలన్న వరుస చూడండి.

అక్కడ ‘ఉబుంటు’ అన్న పేరే లేకపోతే బూట్ మోడ్‌ని, అంటే కంప్యూటర్ స్టార్టయ్యే పద్ధతిని (కొత్తది యూఈఎఫ్ఐ, పాతది లెగసీ) అనుమానించాలి. చాలా కంప్యూటర్ల బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది: ఒకదాని ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఆ రెండోది నొక్కితే ఇన్‌స్టాలేషన్ పాత లెగసీ పద్ధతిలో జరిగిపోతుంది. కంప్యూటరేమో యూఈఎఫ్ఐ మోడ్‌లో లేచి, ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (డిస్క్‌లో బూట్ ఫైళ్లుండే చిన్న భాగంలో) బూట్‌లోడర్ కోసం, అంటే ఓఎస్‌ని స్టార్ట్ చేసే ప్రోగ్రామ్ కోసం వెతుక్కుంటుంది. అదక్కడ ఉండదు!

ఈసారి ‘యూఈఎఫ్ఐ’ ఉన్నదే ఎంచుకుని, లైవ్ మోడ్‌లోకి వెళ్లి (ఉబుంటుని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి) ఉబుంటు బూట్‌లోడరైన గ్రబ్‌ని మళ్లీ వేయండి. ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటే ఇది చాలు. ఇది చేసి చూసేదాకా, మొత్తం ఫార్మాట్ చేయమని ఎవరు చెప్పినా వినకండి.