బేస్‌మెంట్‌లో బార్‌కి 42 వేల డాలర్లు: అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర ఉంటాం. ఇద్దరు పిల్లలు. నాది హెచ్‌1బీ వీసా, గ్రీన్ కార్డ్ కోసం వేసిన ఐ-140 అప్రూవ్ అయింది. మూడేళ్ల క్రితం కొన్న ఇంట్లో బేస్‌మెంట్ ఖాళీగా పడి ఉంది. అక్కడ సింకు, క్వార్ట్జ్ కౌంటర్‌తో హోమ్ బార్ కట్టడానికి కాంట్రాక్టర్ 42,000 డాలర్లు అడుగుతున్నాడు. ఇంటి విలువ కూడా పెరుగుతుందంటున్నాడు. సేవింగ్స్‌లో 60,000, నా 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో 1,10,000 ఉన్నాయి. నెల ఖర్చు 7,500. ఇంటి మీద హీలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి, కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) 8.5 శాతానికి ఇస్తామంటున్నారు. హీలాక్ మేలా, 401(కె) లోన్ మేలా? మా ఆవిడ అసలు బారే వద్దంటోంది.

జవాబు: రెండు అప్పులూ వద్దు. బార్ మాత్రం కట్టుకోండి. కాకపోతే చిన్నది, వచ్చే ఏడాది, చేతిలో ఉన్న డబ్బుతో. ఈ మాట మీ ఆవిడకి పూర్తిగా నచ్చదు, మీకూ పూర్తిగా నచ్చదు.

హీలాక్ సంగతి ముందు చూద్దాం. 42,000 పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 520 డాలర్లు కట్టాలి. వడ్డీయే 20 వేలు దాటుతుంది. అదీ రేటు ఇలాగే ఉంటే. హీలాక్ రేటు సాధారణంగా బ్యాంకుల మూల వడ్డీ అయిన ప్రైమ్ రేటుతో పాటు మారుతూ ఉంటుంది. ఇంటిని మెరుగుపరచడానికి వాడితే వడ్డీకి ట్యాక్స్ డిడక్షన్ ఉన్న మాట నిజమే కానీ, ఐటెమైజ్ చేసేవాళ్లకే, అంటే స్టాండర్డ్ డిడక్షన్ బదులు ఖర్చులు ఒక్కొక్కటిగా చూపించేవాళ్లకే. వాళ్లకైనా తగ్గేది వడ్డీలో కొంత భాగమే.

401(కె) లోన్, అంటే మన రిటైర్మెంట్ డబ్బులోంచే తీసుకునే అప్పు, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. ‘వడ్డీ మనకే కట్టుకుంటాం కదా’ అని ఆఫీసులో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మీ బ్యాలెన్స్ పూర్తిగా వెస్ట్ అయి (కంపెనీ వేసిన వాటా కూడా మీ సొంతమై) ఉంటే రూల్ ప్రకారం 50,000 దాకా తీసుకోవచ్చు, ఐదేళ్లలో తీర్చాలి. చిక్కల్లా ఉద్యోగం పోతేనే. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ టెన్షన్‌లో ఉండగానే మిగిలిన లోన్ కూడా మెడకు చుట్టుకుంటుంది. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా ఆ మొత్తాన్ని ఏదో ఒక రిటైర్మెంట్ ఖాతాలో వేయలేకపోతే అది ఆదాయం కిందికి వస్తుంది. దానిమీద ట్యాక్స్, 59న్నర ఏళ్లు నిండనందుకు మామూలుగా 10 శాతం పెనాల్టీ. 30,000 బాకీ ఉండి, మీరు 22 శాతం బ్రాకెట్‌లో ఉంటే ఫెడరల్‌కే 9,600 పోతాయి. అదే కారణంతో మీ 60,000 కూడా బార్‌కి వాడదగ్గ డబ్బు కాదు. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఎనిమిది నెలల ఖర్చు చేతిలో ఉండాలంటాను. మీ లెక్కన అది సరిగ్గా 60,000.

ఇంటి విలువ పెరుగుతుందన్న మాట కాంట్రాక్టర్ నోట వచ్చింది కాబట్టి సగానికి తగ్గించి వినండి. ఇంటి విలువ కట్టే అప్రైజర్లు భూమట్టానికి కింద ఉన్న చదరపు అడుగుల్ని ఇంటి అసలు విస్తీర్ణంలో కలపరు, విడిగా చూపిస్తారు. కొనేవాళ్లకి తాగే అలవాటే లేకపోతే మీ క్వార్ట్జ్ కౌంటర్ వాళ్లకి పీకి పారేయాల్సిన సామాను. టౌన్‌షిప్ మాత్రం అలా అనుకోదు. పర్మిట్ తీసుకుని బేస్‌మెంట్ ఫినిష్ చేస్తే యాడెడ్ అసెస్‌మెంట్ (పెరిగిన విలువకి అదనపు లెక్క) వేసి ప్రాపర్టీ ట్యాక్స్ పెంచవచ్చు. అలాగని పర్మిట్ ఎగ్గొట్టకండి. మీరు పంపిన కొటేషన్‌లో చివరి లైను ‘పర్మిట్లు ఓనర్ చూసుకోవాలి’ అని ఉంది. నాకు నచ్చనిది అదే. ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పని ఉన్నచోట పర్మిట్ తనే తీయించాలి. అతనికి రాష్ట్రంలో హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూడండి.

అన్నిటికంటే ముందు నీళ్లు. బేస్‌మెంట్ కాంక్రీట్ నేల మీద రెండడుగుల ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే అడుగున చెమ్మ పట్టినా, నేల నల్లబడినా బార్ మాట పక్కనబెట్టి ముందు ఆ చెమ్మ సంగతి చూడండి. గోడల కింది భాగంలో తెల్లగా ఉప్పు పొర కనిపించినా అంతే. 2021 సెప్టెంబర్‌లో ఐడా తుఫాను న్యూజెర్సీలో ఎన్ని బేస్‌మెంట్లు ముంచిందో మీ వీధిలో పాతవాళ్లని అడగండి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టానికి ఇవ్వదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ ఉన్నా బేస్‌మెంట్‌లో ఫినిష్ చేసిన గోడలు, ఫ్లోరింగ్, బార్ కౌంటర్ దాని కిందికి రావు. బేస్‌మెంట్‌లో చేరే నీళ్లు తోడే సంప్ పంప్ ఆగి నీళ్లొస్తే కవర్ అయ్యేలా, ఇన్సూరెన్స్ పాలసీకి వాటర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ (అదనపు కవరేజీ) విడిగా తీసుకోవాలి. నేలలోంచి వచ్చే హానికర వాయువు రేడాన్ కోసం టెస్ట్ కూడా చేయించండి, చవకే.

ఇంకో ఖర్చు ఏ కొటేషన్‌లోనూ ఉండదు. 1984లో కెల్లీ వర్సెస్ గ్విన్నెల్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, మత్తు బాగా ఎక్కినట్టు కనిపిస్తున్న అతిథికి మందు పోసి, అతను డ్రైవ్ చేస్తాడని తెలిసీ పంపిస్తే, జరిగిన యాక్సిడెంట్‌కి ఇంటివాళ్లదీ బాధ్యతేనంది. శనివారం రాత్రి పేకాట ముగిశాక ‘ఇంకో పెగ్గు వేసుకుని వెళ్లు బావా’ అనే ముందు ఇది గుర్తుండాలి. ఇలాంటి బాధ్యతలకి అదనపు రక్షణ ఇచ్చే పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీకి సాధారణంగా ఏడాదికి కొన్ని వందలే అవుతుంది. బార్ కంటే ముందు అది తీసుకోండి.

ఇక బార్. మీ కొటేషన్‌లో సింకు, దానికి పంపు కలిపి 8,500 వేశారు. బేస్‌మెంట్ నేల సీవర్ లైన్ కంటే కిందుంటే సింకు నీళ్లు పైకి తోడాలి, అందుకే ఆ పంపు. సింకు తీసేయండి, గ్లాసులు పైన కిచెన్‌లో కడుక్కోవచ్చు. క్వార్ట్జ్ బదులు మామూలు చెక్క కౌంటర్, రెడీమేడ్ క్యాబినెట్లు, ఓ చిన్న ఫ్రిజ్, నాలుగు స్టూల్స్ చాలు. కిచెన్ కింద వచ్చే గోడకే కట్టించండి, తర్వాత సింకు పెట్టాలనిపిస్తే పైపు దూరం తగ్గుతుంది. ఇలా 18,000కి కొత్త కొటేషన్ అడగండి. నెలకు 1,500 విడి ఖాతాలో వేస్తే ఏడాదికి అదే మొత్తం. పని మొదలయ్యాక డబ్బు విడతల్లో ఇవ్వండి, చివరి విడత మాత్రం టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ ఫైనల్ అప్రూవల్ ఇచ్చాకే.