నీతి అందరికీ ఒకటేనా, ఎవరి నీతి వాళ్లదేనా?

నేను క్యాన్సర్ వార్డులో నర్సుని. మీరడిగినది మాకు దాదాపు రోజూ ఎదురయ్యే ప్రశ్నే. అది మా దగ్గర "ఆయనకి మాత్రం చెప్పకండి" అనే మాటగా వస్తుంది. జబ్బు ఆయనది, సంగతి మాత్రం ఆయనకి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకావిడ సూటిగా అడిగారు, "ఎన్నాళ్లుంటానో దాచకుండా చెప్పండి, తేల్చుకోవాల్సిన పనులున్నాయి" అని. డాక్టరుగారిని పిలిచాను. ఆయన కూర్చుని ఉన్నదంతా చెప్పారు. పక్క బెడ్ పెద్దాయన పూర్తిగా రివర్స్. "ఏదున్నా మా అబ్బాయితో మాట్లాడండి, నాకొద్దు" అన్నారు. ఆయనకి చెప్పలేదు. చూసేవాళ్లకి ఒకే వార్డులో రెండు నీతులు నడుస్తున్నట్టుంటుంది. నాకు మాత్రం రెండు చోట్లా ఒకటే కనిపిస్తుంది: తన ఒంటి గురించి ఎంత తెలుసుకోవాలో తేల్చుకోవాల్సింది ఆ మనిషే.

అమెరికాలో 1961లో వచ్చిన ఒక సర్వేలో దాదాపు 90 శాతం డాక్టర్లు క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో వచ్చిన మరో సర్వేలో 97 శాతం చెప్పడమే మేలన్నారు. "చూశారా, నీతి మారిపోయింది" అంటారు కొందరు. సగమే ఒప్పుకుంటాను. ఈలోగా వైద్యం మెరుగుపడింది, క్యాన్సర్ అంటే చావే అన్న భయం కొంత తగ్గింది. అది పరిస్థితి మారడం. రోగి మేలు ఏమిటో ఎవరు నిర్ణయించాలన్న దగ్గర మాత్రం నిజంగానే ఆలోచన మారింది. అది పాత పొరపాటు దిద్దుకోవడం అంటాను నేను. ఎవరి నీతి వాళ్లదే అయితే ఆ మాట అనే వీలే ఉండదు, అప్పుడదీ రైటే, ఇప్పుడిదీ రైటే అని ఊరుకోవాలి.

అందరికీ ఒకటే అంటే మినహాయింపులే లేని రూలు అని కూడా కాదు. హంతకుడు గుమ్మంలో నిలబడి మన స్నేహితుడు లోపల ఉన్నాడా అని అడిగినా అబద్ధం చెప్పకూడదని కాంట్ 1797లో రాశాడు. అంత పెద్ద తత్వవేత్త మాటే అయినా, ఇది నాకు మింగుడుపడదు.

అసలు చిక్కు, అడగనూ అడగక, వద్దనీ అనని పేషెంటుతో. "మీ జబ్బు గురించి మీకేం తెలుసు? ఇంకా తెలుసుకోవాలనుందా?" అని నేనే కదుపుతాను. నాతో పనిచేసే ఇంకో సిస్టర్, వాళ్లంతట వాళ్లు నోరు విప్పేదాకా ఆగుతుంది. ఆమె చేసేది తప్పని నేననలేను, నాది తప్పని ఆమె కూడా అనదు. ఇద్దరం ఒకే షిఫ్టులో ఉన్నప్పుడు పేషెంటు ముందుగా ఎవరిని పిలిస్తే ఆ రోజుకి వాళ్ల పద్ధతే.